సంధ్యవేళ కలత

“పొద్దు గూకుతోంది. ఇంక నేను మా ఇంటికి పోతాను” అని, 20 ఏండ్లుగా తాను కాపురమున్న ఇంటి గుమ్మములోనే నిలిచి, రెండు చీరలు సంచిలో సర్దుకొని, ఒక ముదుసలి తల్లి అనును. కుమారుడు నవ్వి “ఇదే మన ఇల్లు కదమ్మా” అనును. ఆమె కాదనును. ఇతడు గోడమీది ఛాయాపటమును, బీరువాను, మంచమును చూపి రుజువు చేయబోవును. రుజువులు పెరిగిన కొలది ఆమె కంఠము పెరుగును. కోడలు వచ్చును, మనుమలు వత్తురు, ప్రక్కవాటాలోనివారు తొంగిచూతురు. భోజనముల వేళకు ఆ తల్లి ఏడ్చుచుండును. కుమారుడు తల పట్టుకొని కూర్చుండును. ఎవరికిని అన్నము సహింపదు.

ఇట్టి సాయంకాలములు మన శ్రోతల ఇండ్లలో ఎన్నింటనో గడచుచుండునని మేము ఊహింపగలము. ఏలయన మా ఇంట గడచినవి. ఆ కుమారుడు చేసిన పొరపాట్లన్నియు మేమును చేసితిమి. ఆ తల్లి మాటలోని తప్పును దిద్దుటవలన ఆమె శాంతింపదనియు, ఆ కలతకు కారణమేమో వెదకుటవలన పెక్కుమార్లు శాంతించుననియు తెలిసికొనుటకు మాకు చాల కాలము పట్టినది. ఆ తెలిసిన కొంచెమును ఇచ్చట వ్రాయుచున్నాము.

పెద్దవారు ఒకే ప్రశ్న పదిమార్లు అడిగినచో ‘చాదస్తము’ అని త్రోసివేయుట మనలో వాడుక. ‘వయస్సు మీద పడినది’ అని మరికొందరు అందురు. కళ్ళజోడు ఎక్కడ పెట్టితిమో మరచుట వయస్సు వలన కలుగవచ్చును. కళ్ళజోడు ఎందులకో మరచుట అట్టిది కాదు, అది రోగము. వైద్యులు దానిని డిమెన్షియా అందురు. తెలుగున చిత్తవైకల్యమని పేరు. అందు మిక్కిలి తరచుగా కనబడునది అల్జీమర్స్ వ్యాధి. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షల మంది, చిత్తవైకల్యముతో ఉన్నారని 2023లో ప్రకటితమైన ఒక జాతీయ పరిశోధన అంచనా వేసినది. వీరిలో అత్యధికులు మన ఇండ్లలోనే, మన చేతులమీదనే ఉన్నారు.

ఈ వ్యాధికి పేరిచ్చిన ఆలోయిస్ అల్జీమర్ జర్మనీ దేశపు వైద్యుడు. 1901లో ఫ్రాంక్‌ఫర్టు నగరమునందలి ఆసుపత్రికి ఆగస్టె డేటర్ అను 51 ఏండ్ల గృహిణిని తీసికొని వచ్చిరి. భర్తపై నిష్కారణముగా అనుమానపడుట, వస్తువులు దాచిపెట్టుట, దుప్పట్లు ఈడ్చుకొనుచు తిరిగి కేకలు వేయుట ఆమె లక్షణములు. 1906లో ఆమె మరణించిన పిమ్మట అల్జీమరు ఆమె మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించి, ఆ సంవత్సరమే నవంబరు 3వ తేదీన ట్యూబింగెన్ పట్టణపు వైద్యసభలో తాను చూచినది చెప్పెను. సభలోనివారు అంతగా పట్టించుకొనలేదు. 1910లో క్రేపెలిన్ అను మరియొక వైద్యుడు తన గ్రంథమున ఈ రోగమునకు అల్జీమరు పేరు పెట్టెను. మొట్టమొదటి రోగి విషయముననే మతిమరుపు ఎంతగానో, ఈ కలతయు అంతగా ఇంటివారిని కుంగదీసినదని గమనింపవలెను.

మెదడులో హిప్పోక్యాంపస్ అను చిన్న భాగము కలదు. నేడు జరిగిన దానిని రేపటికి భద్రపరచు పని దానిది. అల్జీమర్స్ వ్యాధి తొలుత దెబ్బతీయు తావులలో అది ఒకటి. అందుచే క్రొత్త సంగతులు నిలువవు, పాతవి చాలకాలము నిలుచును. చిట్టాపుస్తకమున చివరి పుటలు ముందు చిరిగి, తొలి పుటలు చెక్కుచెదరక ఉన్నట్లు అనుకొనవచ్చును. 20 ఏండ్లనాడు చేరిన ఇల్లు చిరిగిన పుటలలో ఉన్నది. 60 ఏండ్లనాటి ఇల్లు ఉన్న పుటలలో ఉన్నది. ‘మా ఇల్లు’ అని ఆమె అనునది ఆ రెండవదానిని. ఆమె అబద్ధమాడుట లేదు, మొండికెత్తుట లేదు. తన పుస్తకమున వ్రాసియున్నది చదువుచున్నది.

ఇది సాయంకాలముననే ఎందులకు పెచ్చుపెరుగునన్న ప్రశ్న సహజము. పగలును రాత్రిని వేరుపరచి తెలుపు గడియారమువంటి యేర్పాటు మన మెదడున కలదు. వ్యాధివలన అదియు చెడును. పగలంతయు తికమకపడి అలసిన మనస్సు ఆ వేళకు సొమ్మసిల్లును. వెలుతురు తగ్గి నీడలు సాగును. దండెముమీది చొక్కా మనిషివలె తోచును. ఇక మన ఇండ్లలో ఆ వేళ ఎట్టిదో చెప్పనక్కరలేదు. పిల్లలు బడినుండి వత్తురు, కుక్కరు కూతపెట్టును, టెలివిజను మ్రోగును, ఎవరో తలుపు తట్టుదురు. ఆరోగ్యవంతులకే విసుగు పుట్టించు సందడి అది.

మా తల్లికి ఇప్పుడు 80కి దగ్గర. ఆమె పుట్టినిల్లు, మెట్టినిల్లు కూడ దివిసీమలో, నాగాయలంక ప్రాంతమున. 1977 నవంబరు 19వ తేదీ సాయంకాలము ఉప్పెన ఆ సీమను ముంచి వేలాది ప్రాణములు బలిగొన్న సంగతి ఎల్లరెరిగినదే. ఆనాడు మా తండ్రి పనిమీద బందరు పోయియుండెను. నీరు రాగానే మా తల్లి ముగ్గురు బిడ్డలతో పొరుగువారి డాబా ఎక్కబోయినది. మా అన్నయు, అక్కయు దక్కిరి. 8 నెలల చంటివాడు దక్కలేదు. మేము పుట్టినది ఆ పిమ్మట మూడేండ్లకు. ఈ సంగతి మా ఇంట ఎన్నడును మాటలలోనికి రాలేదు. మాకు 30 ఏండ్లు దాటిన తరువాత మా అక్కగారు చెప్పగా తెలిసినది.

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి విజయవాడలో అజిత్‌సింగ్ నగరు మొదలగు పేటలు మునిగినవి. మా నివాసము ముంపు సోకని వీథిలో, మూడవ అంతస్తున. మేము ఆ దినము ఉదయమునుండి కేంద్రముననే ఉంటిమి. నీరు ఎక్కడెక్కడ పెరుగుచున్నదో, ప్రజలు ఎచ్చటికి చేరవలెనో గంటగంటకు చదువుచుంటిమి. ఇంట టెలివిజనులో పడవలు, మునిగిన గుమ్మములు మరల మరల చూపుచుండిరి. ప్రక్కగదిలో రేడియో పలుకుచుండెను. ఆ గొంతు మాది. కొడుకు ముఖము ఒక్కొక్కప్పుడు పోల్చుకొనలేని ఆ తల్లి కొడుకు గొంతు మాత్రము గుర్తుపట్టినది. నీళ్ళు వచ్చుచున్నవని ఆ గొంతే చెప్పుచున్నది.

రాత్రి 10 గంటలకు మేము ఇల్లు చేరునప్పటికి ఆమె వీథితలుపు గడియ లాగుచుండెను. “పిల్లల్ని డాబా ఎక్కించాలి. వదలండి నన్ను” అని అరచుచుండెను. మా శ్రీమతి రెండు గంటలనుండి బ్రతిమాలి బ్రతిమాలి అలసిపోయినది. మేము ఏమి చేసితిమి? ఆమె మణికట్టు పట్టుకొని వెనుకకు లాగి, “అది 1977లో అయిపోయిందమ్మా! ఇక్కడికి నీళ్ళు రావు!” అని గట్టిగా కేక వేసితిమి. వార్తలు స్పష్టముగా చదువువాడవని పదిమందిచే అనిపించుకొన్న గొంతు అది. ఆమె మమ్ము గుద్ది, నేలమీద కూలబడి, తెల్లవారుజాము వరకు ఏడ్చినది.

మరునాటి ఉదయమునకు ఆమెకు ఏమియు గుర్తులేదు. వరదయు లేదు, తలుపును లేదు. మణికట్టుపై కమిలిన మచ్చ చూచుకొని “ఇదెక్కడ కొట్టుకుందో” అన్నది. కాని మేము కాఫీ గ్లాసు అందీయబోగా చేయి వెనుకకు తీసికొన్నది. మా శ్రీమతి అందీయగా పుచ్చుకొన్నది. రెండు దినములు అట్లే జరిగినది.

ఇది ఎట్లు సాధ్యమో ఆ పిమ్మట చదివి తెలిసికొంటిమి. 2014లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమువారు 17 మంది అల్జీమర్స్ రోగులకు దుఃఖము కలిగించు చలనచిత్ర భాగములను, వేరుగా సంతోషము కలిగించువానిని చూపిరి. కొద్ది నిమిషములకే తాము చూచినదేమో వారు చాలవరకు మరచిరి. కలిగిన దుఃఖము మాత్రము, సంతోషము మాత్రము, వారిలో నిలిచియుండెను. తక్కువ జ్ఞాపకమున్న వారిలో దుఃఖము మరింత సేపు నిలిచినదట. సంగతిని భద్రపరచు భాగము వేరు, భయమును ప్రేమను పట్టియుంచు భాగము వేరు. మొదటిది ముందు చెడును, రెండవది చాలకాలము పనిచేయును. ‘ఎటులును మరచిపోవును గదా’ అని విసుగుతో ఒక మాట అనివేయుట మన ఇండ్లలో కద్దు. మాట మరచును. మాట చేసిన గాయము ఎక్కడనుండి వచ్చినదో తెలియక దానిని మోయుచుండును.

ఇట్టిదే మరియొక తప్పు అంతకుముందే చేసియుంటిమి. మా తండ్రి 2018లో గతించెను. సాయంకాలములందు ఆమె “మీ నాన్న ఇంకా రాలేదేం?” అని అడుగును. నిజము చెప్పుట ధర్మమనుకొని “నాన్నగారు పోయారు కదమ్మా” అని చెప్పితిమి. ఆమెకు అది క్రొత్త వార్త. “నాకెవరూ చెప్పలేదేం?” అని గుండెలు బాదుకొని ఏడ్చినది. అర్ధగంటకు ఏడుపు మాని, కన్నులు తుడుచుకొని, “మీ నాన్న ఇంకా రాలేదేం?” అన్నది. ఒక్క స్త్రీకి ఒక్క భర్త మరణవార్తను ఎన్నిమార్లు వినిపింపవలెను? మేము నాలుగు సాయంకాలములు వినిపించితిమి. ఆ ప్రశ్న 1977 నాటిదని, డాబామీద ఆమె బందరునుండి రావలసిన భర్తకై ఎదురుచూచుచున్నదని, చాలకాలమునకు గాని మాకు తోచలేదు.

మరి అబద్ధమాడవలెనా? ఈ విషయమున రోగులతో పనిచేయువారిలోనే భిన్నాభిప్రాయములు కలవు. మా అనుభవమున, అబద్ధమాడక తప్పుకొను దారి పెక్కుమార్లు దొరకును. దానిని మాకు నేర్పినది వైద్యుడు కాదు, మా శ్రీమతి. ఒకనాడు అత్తగారు సంచి పట్టుకొని “ఇంటికి పోవాలి, గేదె పాలు పిండాలి” అనగా, ఆమె “ఇదే ఇల్లు” అనలేదు, “గేదె లేదు” అనలేదు.

“మీ గేదె ఎన్ని పాలిచ్చేదత్తయ్యా?”

“పూటకి నాలుగు శేర్లు. తన్నేది మహా తల్లి. నేను తప్ప ఎవరు కూర్చున్నా చేపేది కాదు.”

“మీరు కూర్చుంటే ఎందుకు చేపేది?”

ఆ మాటతో సంచి క్రిందికి దిగినది. గేదెను గూర్చి, చిట్టును గూర్చి, తవుడును గూర్చి పావుగంట చెప్పి, చెప్పుచు చెప్పుచు మంచముమీద కూర్చుండినది. ఇల్లు అని ఆమె అడిగినది నాలుగు గోడలు కావు. తనకు పని ఉండి, తన మాట చెల్లిన చోటు. ఆ చోటును మాటలలో కొంతసేపు ఇచ్చినచో కాళ్ళు కదలనక్కర లేకపోయినది. తండ్రిని గూర్చి అడిగినప్పుడు ఇప్పుడు మేము “ఈ వేళప్పుడు నాన్నగారు ఎక్కడికి వెళ్ళేవారమ్మా?” అందుము. అబద్ధము లేదు, పిడుగు లేదు.

అయినను కొన్ని ప్రశ్నలకు అట్టి దారి దొరకదు. గాలివాన కురిసిన ఒక సాయంకాలమున ఆమె “అందరూ ఎక్కారా?” అని అడిగినది. “అందరం పైనే ఉన్నామమ్మా” అంటిమి. మేము మూడవ అంతస్తున ఉన్నవారమే కనుక అది నిజమే. ఆమె వ్రేళ్ళు మడచి లెక్కపెట్టినది. పెద్దవాడు, పిల్ల. మూడవ వ్రేలివద్ద ఆగి “చంటివాడేడీ?” అన్నది. మాకు నోరు పెగలలేదు. “ఇక్కడే ఉన్నానమ్మా” అని ఆమె ప్రక్కన కూర్చుంటిమి. ఇంట కడగొట్టువారము మేమే గదా. ఆమె మా తల నిమిరి “తడిసిపోయావు” అన్నది. మేము ఆడినది సత్యమో అసత్యమో పాఠకులే నిర్ణయింపవచ్చును. ఆ రాత్రి ఆమె నిద్రించినది.

ఇంతవరకు మనస్సును గూర్చి వ్రాసితిమి. కాని కలతకు మొదట వెదకవలసిన కారణము దేహములో ఉన్నది. నొప్పి ఉన్నదని, దప్పిక అయినదని, మూత్రము వచ్చుచున్నదని చెప్పు మాటలు ఈ రోగులకు క్రమముగా జారిపోవును. మాట పోయినంత మాత్రమున బాధ పోదు గనుక అది కోపముగా, తిట్టుగా, పరుగుగా బయటపడును. 2011లో నార్వే దేశమున వృద్ధాశ్రమములలోని 352 మంది రోగులతో ఒక పరిశీలన జరిపిరి. కొందరికి 8 వారములపాటు ఒక క్రమము ప్రకారము నొప్పికి మందు ఇచ్చిరి. వారిలో చాలమందికి ఇచ్చినది సామాన్యమైన పారాసిటమాలే. వారిలో కలత, తక్కినవారిలోకన్న స్పష్టముగా తగ్గెను. పిచ్చి అనుకొన్నదానిలో కొంత మోకాలి నొప్పి అన్నమాట. అయితే మందు ఏది, ఎంత అన్నది వైద్యుడు చెప్పవలెను. లివరు, మూత్రపిండములు ముసలివారివి.

మలబద్ధము, చాలినంత నీరు త్రాగకపోవుట, చెవిలో గులిమి, శుక్లములు, మురికిపట్టిన కళ్ళజోడు, బ్యాటరీ అయిపోయిన చెవిమిషను, బిగువుగా కట్టిన చీరముడి కూడ కలత పుట్టించును. కలత హఠాత్తుగా, ఒకటి రెండు దినములలో పెచ్చుపెరిగినచో అది అల్జీమర్స్ వ్యాధి ముదురుట అనుకొని ఊరకుండరాదు. దానిని మన పెద్దలు సంధి అనిరి, సన్నిపాతమనిరి. వైద్యులు డెలీరియం అందురు. 2025 వేసవిలో మా తల్లి మూడు దినములు గోడనిండ చీమలున్నవని పెనుగులాడినది. మనిషి ఒకసారి మగతగా, మరొకసారి ఉద్రేకముగా ఉండెను. మూత్ర పరీక్ష చేయింపగా అందు సూక్ష్మజీవుల దోషము బయటపడినది. తగిన మందు పడిన వారమునకు చీమలు పోయినవి. సన్నిపాతము ఆలసింపదగినది కాదు. ఆ దినమే వైద్యునికి చూపవలెను. జ్వరము లేకున్నను చూపవలెను, ఏలయన ముసలివారికి దోషమున్నను జ్వరము రాకపోవచ్చును. క్రొత్తగా వేసిన మందు ఏదైన ఉన్నదా అని కూడ చూడవలెను. జలుబునకు, దురదకు, నిద్రకు అంగడిలో అడిగి కొనెడి కొన్ని మాత్రలు ఇట్టివారి బుద్ధిని మరింత కలచివేయును.

ఇంటి యేర్పాట్లు పెద్దవి కావు. దీపములు చీకటి పడిన తరువాత కాదు, పడకమునుపే వేయవలెను. ఉదయమున కొంతసేపు ఎండ వెలుతురులో కూర్చుండబెట్టిన రాత్రి నిద్ర మెరుగగును. మధ్యాహ్నపు నిద్ర అరగంటకు మించనీయరాదు. మూడు గంటల తరువాత కాఫీ వలదు. కొందరికి అద్దములోని తమ రూపమే పరాయి మనిషియై తోచును. అట్టి ఇంట సాయంకాలమున అద్దముపై గుడ్డ వేయుట మంచిది. అన్నింటికన్న మేలైనది చేతికి పని. మా తల్లి చింతపండు గింజలు తీయును, కనకాంబరములు గుచ్చును, ఉతికిన తువ్వాళ్ళు మడచును. మడచినవానిని మా శ్రీమతి లోపలికి కొనిపోయి విప్పి మరల తెచ్చి ఇచ్చును. ఇది మోసమని మా అబ్బాయి వాదించును. కాని ఆ మడతలు మడచునంత సేపు ఆమె ముఖము చూచినవారు అట్లు అనరు.

రేడియో సంగతి చెప్పకుండుట మా వృత్తికి చెల్లదు. ఉదయము భక్తిరంజని, మధ్యాహ్నము పాటలు, ఒకే వేళకు ఒకే గొంతు — ఇది గడియారము చదువలేనివారికి గడియారము. పాత పాటలు మాటలకన్న ఎక్కువ కాలము నిలుచును. నిన్నటి భోజనము ఎరుగని మా తల్లి తన చిన్ననాటి పాటను చరణము చరణము అందుకొనును. అయితే వార్తల వేళకు మా ఇంట రేడియో కట్టివేయుదురు. వార్తలు చదివి జీతము పుచ్చుకొను మేమే ఈ మాట వ్రాయుట వింతగా నుండవచ్చును. 2024 నాటి ఆ రాత్రి తరువాత మాకు వేరు దారి లేదు. టెలివిజనులో వరదలు, యుద్ధములు కనబడినచో అవి వీథిలోనే జరుగుచున్నవని తలచు రోగులు చాలమంది కలరు.

చూడవచ్చు బంధువులతో ఒక్క మనవి. వచ్చీరాగానే ఎదుట నిలిచి “నన్ను గుర్తుపట్టావా? ఎవర్నో చెప్పు చూద్దాం” అని పరీక్ష పెట్టుట మన ప్రాంతపు మర్యాద. అది ప్రేమతోనే అడుగుదురు. కాని పదిమందిలో పరీక్ష తప్పినవారి అవమానము ఎట్టిదో మనలో చదువుకొన్న వారందరు ఎరుగుదురు. బంధువులు వెడలిన తరువాత రేగు కలతలో సగము ఈ పరీక్షవలననే అని మా నమ్మకము. “అక్కయ్యా, నేను మీ పెదకళ్ళేపల్లి తమ్ముణ్ణి. నిన్ను చూడ్డానికి వచ్చాను” అని తామే చెప్పుకొని కూర్చుండినచో ఎవరికిని నష్టము లేదు.

నగలు కోడలే తీసినదన్న నింద కూడ ఈ వ్యాధిలో సామాన్యము. తాను దాచినది తనకు గుర్తుండదు. గుర్తులేని వస్తువు పోయినట్లే. ప్రమాణములు చేయక “రండి, ఇద్దరం వెతుకుదాం” అనుటయే సమాధానము. మా తల్లి గాజులు ఒకమారు బియ్యపు డబ్బాలోను, మరొకమారు దేవుని పటము వెనుకను దొరికినవి. నింద పడిన కోడలికి ఇది వ్యాధి అని తెలిసియుండిన కొంత ఊరట. అది చెప్పవలసినది భర్త.

కలత రేగిన సమయమున ఒక్కరే మాటలాడవలెను. తక్కినవారు ప్రక్కకు తొలగవలెను. ఎదుటినుండి నెమ్మదిగా వచ్చి, వీలైన ఆమెకన్న పల్లముగా కూర్చుండి, చిన్న మాటలు, ఒకదాని తరువాత ఒకటి, చెప్పవలెను. ఆమె చేయి ఇచ్చిన పట్టుకొనవచ్చును, ఇయ్యకున్న పట్టరాదు. బయటికి పోవుదునన్నచో, ప్రమాదము లేనంతవరకు, తోడు నడచుట మేలు. మా ఇంటి వసారా ఆ చివరివరకు రెండుమార్లు నడచి వచ్చునప్పటికి “ఇంటికొచ్చేశాం” అని తానే కూర్చుండిన దినములు కలవు. కొట్టవచ్చినచో రెండడుగులు వెనుకకు వేసి, కత్తిపీట, వేడినీళ్ళవంటివి ముందుగానే తొలగించి, కొంతసేపు కనుచూపుమేర నిలువవలెను. మంచమునకు కట్టుట, గదిలో పెట్టి తాళము వేయుట భయమును రెట్టింపు చేయును. వీథితలుపునకు చేయి అందనంత ఎత్తున మరియొక గడియ పెట్టి, ఆమె రవిక సంచిలో ఫోను నంబరు వ్రాసిన చీటి ఉంచుట అవసరము.

మందులతో నిద్రపుచ్చరాదా అని అడుగువారు కలరు. ఉద్రేకమునకు వాడెడి యాంటీసైకాటిక్ మందులు చిత్తవైకల్యమున్న వృద్ధులలో మరణావకాశమును పెంచునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరిక చేసినది. నిద్రమాత్రలవలన రాత్రి లేచి పడి తుంటియెముక విరుగు ప్రమాదము కలదు. రోగి తనకో, ఇతరులకో హాని చేయు స్థితిలో వైద్యుడు ఇట్టి మందు తక్కువ మోతాదున, కొద్దికాలమునకు వ్రాయవచ్చును. పొరుగింటివారికి పనిచేసినదని మనము తెచ్చి వేయరాదు. వైద్యునివద్దకు పోవునప్పుడు, కలత ఏ వేళ వచ్చినది, అంతకుముందు ఏమి జరిగినది, దేనితో తగ్గినది అన్నవి వ్రాసిన చిన్న పుస్తకము కొనిపోయినచో ఆయనకు మన నోటిమాటకన్న ఎక్కువ ఉపకరించును.

ఊరడించువారిని ఊరడించువారెవరు? మా ఇంట ఆ భారములో ముప్పాతిక మా శ్రీమతిదని ఒప్పుకొనవలెను. మేము ఉద్యోగమునకు పోయి తప్పించుకొనుచుంటిమి. ఇప్పుడు ఆదివారములు ఆమెవి. ఆ దినము మేమే చూచుకొందుము, ఆమె తన అక్కగారి ఇంటికి పోవును. అట్టి తోడు లేనివారికి వృద్ధుల సహాయమునకై ఏర్పడిన ఎల్డర్ లైన్ ఫోను నంబరు 14567, మానసిక బాధలను గూర్చి మాటలాడుటకు టెలి మానస్ నంబరు 14416 ఉపకరించును. అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా అను సంస్థ 1992లో కేరళలో స్థాపితమైనది. హైదరాబాదున దానికి శాఖ కలదు.

ఇప్పుడు మా ఇంట ఐదు గంటలకే దీపములు వెలుగును. కనకాంబరములు ఒడిలోనికి వచ్చును. వానపడిన సాయంకాలములందు ఆమె “నీళ్ళు తీశాయా?” అని అడుగును. “తీశాయమ్మా” అందుము. ఎక్కువ దినములు అంతతో సరిపోవును. మొన్నటి మంగళవారము సరిపోలేదు. గేదె కథ పనిచేయలేదు, పాట పనిచేయలేదు, వసారాలో నాలుగుమార్లు నడచినను పనిచేయలేదు. అన్నపు పళ్ళెము విసరివేసినది. కారణము మరునాటి ఉదయము ముఖము కడుగునప్పుడు గాని తెలియలేదు. కట్టుడు పళ్ళ క్రింద ఒక జామగింజ.